దొర సెమ్మెల జత

రాజమండ్రి దానవాయిపేటలో తబిత గారి ఆఫీసుకి పొద్దున్నే వచ్చేవాళ్ళు రెండు రకాలు. మొగుడి మీద అనుమానం ఉన్నవాళ్ళు ఒకరు, కుదిరిన సంబంధం మీద అనుమానం ఉన్నవాళ్ళు ఇంకొకరు. ఆ శుక్రవారం తాళం తీయకముందే మెట్ల మీద కూర్చుని ఉన్న అమ్మాయి వేలికి కొత్త ఉంగరం మెరుస్తోంది, కళ్ళు ఏడ్చి ఏడ్చి వాచిపోయాయి. రెండో రకమే అని సుకుమార్ తేల్చేశాడు. ఆ అంచనా తప్పింది. ఆ రోజు అతని అంచనాలన్నీ అలాగే తగలడ్డాయి.

సుకుమార్ ఒకప్పుడు పత్రికా విలేకరి. యాభై దాటాక ఉద్యోగం విసుగెత్తి తబిత దగ్గర చేరాడు. ఆవిడ ఇన్సూరెన్స్ కంపెనీలో తగలబడిన కొట్లూ మునిగిన పడవలూ పరిశీలించి, ఏది ప్రమాదమో ఏది నాటకమో తేల్చే పని చేసి, చివరికి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషి. ఆవిడ బుర్రంటే సుకుమార్‌కి గొప్ప భక్తి. ఆవిడ ఓపికంటే మాత్రం ఒళ్ళుమంట. ఎదుటివాడు ఎంత సోది చెప్పినా ఆవిడ చివరిదాకా వింటుంది, పక్కన కూర్చుని అతనూ వినాలి.

"మా ఏసమ్మని ఈ సాయంత్రం పోలీసులకి అప్పగించేస్తారండి," అంది ఆ అమ్మాయి, మంచినీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని. "మాది మొగల్తూరు దగ్గరండి. వెంకటరాజు గారి అమ్మాయిని, సాయిప్రసన్న. మొన్న బుధవారం నా నిశ్చయ తాంబూలాలయ్యాయి. ఆ మధ్యాహ్నమే దొర సెమ్మెలు ఒక జత పోయాయండి. ఏసమ్మే తీసిందని నాన్నగారు భీష్మించుకు కూర్చున్నారు. సాయంత్రంలోగా తెచ్చివ్వకపోతే ఆవిడ పేరు పెట్టి కంప్లైంట్ ఇచ్చేస్తారట."

"ఏసమ్మ ఎవరమ్మా?"

"నన్ను పెంచిందండి. నేను పుట్టకముందు నుంచీ మా ఇంట్లోనే పని. మొన్నటి నుంచి పచ్చి గంగ ముట్టలేదు. జైలుకి పోవడం మాట అటుంచండి, ఆ దొంగ అనే పేరుతోనే చచ్చిపోతుంది."

"సెమ్మెలంటే దీపపు స్తంభాలే కదా? వాటిని ఎవరు ఎత్తుకుపోతారు?" అన్నాడు సుకుమార్.

"నిలబెట్టేవి కాదండి. గోడకి తగిలించే వెండి సెమ్మెలు, కొవ్వొత్తులు పెట్టేవి. మా ముత్తాతగారు కలెక్టరు దొరని భోజనానికి పిలిచి, ఆయన కోసం మద్రాసులో చేయించారు. మొత్తం ఆరు. దొర రానేలేదు, పేరు మాత్రం వాటికి ఉండిపోయింది. మా ఇంట్లో ఆడపిల్లకి తాంబూలాలు పుచ్చుకున్న రోజున వాటిలో కొవ్వొత్తులు వెలిగిస్తారు. వాటంతట అవి కొండెక్కేదాకా ఎవరూ ఆర్పకూడదు."

తబిత చెప్పులు వేసుకుంది. "పదండి సుకుమార్ గారూ, సాయంత్రమంటే ఎంతోసేపు లేదు."

*

ఊళ్ళో అందరూ దివాణమని పిలిచే వెంకటరాజు ఇంట్లో అడుగుపెట్టగానే సుకుమార్‌కి అర్థమైన సంగతి ఏమిటంటే, ఆ ఇంట్లో దొంగని పట్టుకోవడం కంటే టిఫిన్ తప్పించుకోవడం కష్టం.

"హాలు ఒకసారి చూపిస్తారా అండి?" అంది తబిత.

"చూద్దురుగాని, ఎక్కడికీ పోదు," అన్నాడు వెంకటరాజు. ఆరడుగుల మనిషి, పంచెకట్టు, గొంతు పెద్దది. "ముందు చేతులు కడుక్కోండి."

"మేం దారిలో తినే వచ్చామండి."

"దారిలో తిన్నది తిండా? మా గుమ్మం తొక్కినవాళ్ళు ఎంగిలి పడకుండా పనిలోకి దిగడమేంటండి! భాస్కర్, వంటవాళ్ళేరీ, వడ్డించమను."

భాస్కర్ అంటే ఉదయభాస్కర్, వెంకటరాజు బావమరిది. కాపురం నరసాపురంలోనే అయినా ఏ శుభకార్యమొచ్చినా ఈ ఇంటి మర్యాదలన్నీ ఆయన చేతి మీదుగానే నడుస్తాయట. నవ్వు మొహం, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పళ్ళెం. పెసరట్టు, దాని మీద ఉప్మా, దాని మీద అల్లం పచ్చడి వచ్చాయి. తబిత ప్రశ్న అడగబోయినప్పుడల్లా ఆయన "కారం సరిపోయిందా అండి?" అని అడ్డం పడ్డాడు. తనకి షుగరుందని సుకుమార్ మొత్తుకున్నాడు. "ఒక్కటి తింటే ఏం కాదండి, ఆయ్!" అంటూ వెంకటరాజు అన్నగారి కొడుకు వరుణ్ బందరు లడ్డూల పళ్ళెం ముందుకి తోశాడు. డాక్టరు చెప్పిన మాటకి ఈ జిల్లాలో విలువ లేదని సుకుమార్ లోపల ఉడికిపోయాడు.

"పూతరేకులొక్కటే మీకు పెట్టలేకపోతున్నాం," అంది వెంకటరాజు భార్య రాజరాజేశ్వరి, నిజంగానే నొచ్చుకుంటూ. "ఆత్రేయపురం నుంచి తెప్పించినవన్నీ వియ్యాలవారికి సారెలో పెట్టేశామండి."

"ఓ నాలుగు అట్టేపెట్టాల్సిందక్కా," అన్నాడు ఉదయభాస్కర్, సుకుమార్ పళ్ళెంలో మూడో కాజా వేస్తూ. "పంపినవన్నీ ఎలాగూ పొడుమే. అక్కడా తినే యోగం లేదు, ఇక్కడా పెట్టే యోగం లేదు."

ఒక రకం తగ్గింది, అంతే చాలు అనుకున్నాడు సుకుమార్. తబిత పెసరట్టు తుంచడం ఆపి ఆయన వంక ఒక్క క్షణం చూసి, మళ్ళీ తినసాగింది.

*

హాలుకి బుధవారం మధ్యాహ్నమే వెంకటరాజు తాళం వేశాడు. లోపల వాడిన చేమంతుల వాసన, చల్లారిన మైనం వాసన కలిసి ఉన్నాయి. నాలుగు సెమ్మెలు గోడ మీదే ఉన్నాయి. జానెడు వెడల్పు వెండి రేకు, దాని మీద మామిడి పిందెల తీగ, కింద నుంచి ముందుకి వంగిన చెయ్యి, ఆ చేతి చివర కొవ్వొత్తి గిన్నె. వాటి గిన్నెల్లో కొవ్వొత్తులు అడుగంటా కాలి మైనం గడ్డకట్టింది. ఉత్తరపు గోడ మీద మాత్రం రెండు తెల్లటి మచ్చలు, రెండు మేకులు మిగిలాయి.

తబిత చున్నీ నడుముకి బిగించి, ఉన్నవాటిలో ఒకదాన్ని తీయబోయింది. అది కదల్లేదు. "ఇదెలా వస్తుందండీ?"

వరుణ్ ముందుకొచ్చాడు. "పైకెత్తి, ఎడమకి జరిపి, మళ్ళీ పైకెత్తాలండి. చెయ్యి కూడా మడత పడుతుంది, ఇదిగో. మడిస్తే పుస్తకమంత. మా ఇంట్లోవాళ్ళకి తప్ప తెలీదు. ఏసమ్మకి తెలుసు, తోమేది ఆవిడే కదా. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఊరికే అన్నారా?"

మచ్చల కింద పీట మీద పూల పళ్ళెం ఉంది. అందులో సగం పైగా మిగిలిన కొవ్వొత్తులు రెండు, వాడిన చేమంతుల మధ్య పడున్నాయి. తబిత వాటిని కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూసింది. తర్వాత పళ్ళెంలోని పూలు ఒక్కొక్కటే ఏరింది. రెండు చేమంతులకి రేకుల మొదళ్ళు నల్లగా కమిలి, మైనం అంటుకుని ఉంది.

"మళ్ళీ చూడక్కర్లేదండి," అన్నాడు వెంకటరాజు చిరాగ్గా. "మా ఇళ్ళల్లో శుభకార్యం నాడు దీపం ఆర్పరు. చర్చిలో అయితే ప్రార్థన కాగానే ఉఫ్‌మని ఊదేస్తారు. ఇది ఎవరి పనో ఈ కొవ్వొత్తులే చెప్తున్నాయి. మీరూ ఆ మతమే కదా, మీకు నేను చెప్పాలా?"

సుకుమార్‌కి ఒళ్ళు మండిపోయింది. తబిత గొంతు మాత్రం పెరగలేదు.

"ఊదితే మైనం గోడ మీదికి చింది ఉండేదండి. ఇక్కడ ఒక్క చుక్క లేదు. ఎవరో పువ్వు అద్ది కొండెక్కించారు. నోటితో ఊదడానికి జంకారు. మీ లెక్క ప్రకారం చూసినా ఇది ఏసమ్మని చూపించడం లేదు."

వెంకటరాజు మీసం దువ్వుకుని, మధ్యాహ్నం భోజనానికి ఏం చేయించాలని అడిగాడు.

*

ఏసమ్మ ఇల్లు ఊరి చివర పేటలో, లూథరన్ చర్చి వెనక వీధిలో ఉంది. వాకిట్లో ఇంకా బియ్యం గింజలు చెదిరి ఉన్నాయి. గురువారం పొద్దున దివాణం మనుషులు వచ్చి సామానంతా వీధిలో బోర్లించారని ఎదురింటావిడ అడక్కుండానే చెప్పింది. ఏసమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. అరవై దాటిన మనిషి, రెండు రోజుల పస్తుతో మొహం పీక్కుపోయింది.

"ఏం జరిగిందో చెప్పమ్మా," అంది తబిత, పక్కనే నేల మీద కూర్చుంటూ.

"నువ్వే తీశావన్నారు గానీ, ఏం జరిగిందని ఎవరూ అడగలేదండి," అంది ఏసమ్మ. "అందరూ పందిట్లో భోజనాలకి లేచారు. దీపాలున్నాయి కదాని నేను హాల్లోనే కూర్చున్నానండి. వడ్డన మనిషొకడు వచ్చి, అమ్మగారు రమ్మంటున్నారన్నాడు. ఎవరు చెప్పారంటే, పంచె కట్టుకున్న పెద్దాయనెవరో అన్నాడు. వెళ్తే అమ్మగారు పిలవనే లేదన్నారు. తిరిగొచ్చేసరికి జత లేదు. నేనే కేకేశానండి. తీసినవాళ్ళే ముందు కేకలేస్తారంట, అదీ చెప్పారు నాకు."

"హాలు పక్క గదిలో ఏముంటాయి?"

"సారె డబ్బాలండి. అమ్మగారు బొట్లు పెట్టి సిద్ధంగా ఉంచారు."

తిరిగి వస్తుంటే సుకుమార్ తల పట్టుకున్నాడు. "పంచె కట్టుకున్న పెద్దాయనట! ఆ రోజు ఆ పందిట్లో పంచె కట్టుకోని మగాడుంటే కదా మేడమ్!"

"వరుణ్ ఫొటోల్లో కుర్తా వేసుకున్నాడు. సాయిప్రసన్న ఫోన్లో చూశాను," అంది తబిత. "మిగతావాళ్ళు చాలామంది ఉన్నారు, మీరన్నది నిజమే."

*

మధ్యాహ్నం ప్రశ్నలు మొదలయ్యాయి గానీ, ప్రశ్నలనడానికి లేదు. వెంకటరాజుని భోజనాలప్పుడు ఎక్కడున్నారని అడిగితే, వచ్చిన అతిథుల పేర్లూ వాళ్ళ తాతల పేర్లూ చెప్పుకొచ్చాడు. మొత్తానికి తేలింది, వియ్యంకుడి పక్కన కూర్చుని చివరిదాకా లేవలేదని. రాజరాజేశ్వరి ఆడవాళ్ళ బంతి దగ్గర నిలబడే ఉంది. ఉదయభాస్కర్ అన్ని బంతుల్లోనూ ఉన్నానన్నాడు. అంటే ఏ బంతిలో ఎప్పుడున్నాడో ఎవరికీ తెలీదన్నమాట.

"ఇల్లంతా వెతికారు కదా, సారె డబ్బాలు చూశారా?" అంది తబిత.

రాజరాజేశ్వరి చెంపలు వేసుకుంది. "పసుపూ కుంకుమా పెట్టిన సారె విప్పుతామా అండి? అపశకునం కాదూ! అన్నిటికీ మూత మీద, అంచు మీద కలిసేలా నా చేత్తో నేనే బొట్లు పెట్టాను. మళ్ళీ మూత తీసేది వియ్యాలవారే."

"వాటిని ఎవరు తీసుకెళ్ళారు?"

"నేనేనండి," అన్నాడు వరుణ్. "రాజమండ్రిలో వాళ్ళింటికి, వ్యానులో. మేనమామ వెంట వెళ్ళాలి కదాని మావయ్య కూడా వచ్చారు. దారిలో నరసాపురంలో వాళ్ళింటి దగ్గర ఆపమన్నారు. చొక్కా మీద సాంబారు పడింది, మార్చుకుంటానన్నారు. నేను రోడ్డు అవతల టీ తాగాను. ఆయన వచ్చేసరికి ఆలస్యమైందని అక్కడ మాటలు పడ్డాం."

"పూతరేకులు బాగానే చేరాయా?"

"చేరే ఉంటాయండి. డబ్బాలు దేవుడి గదిలో దించి వచ్చేశాం. మూత నేను ముట్టలేదు."

అంతలో రాజరాజేశ్వరి ఫోన్ మోగింది. పెళ్ళికొడుకు తల్లి సుబ్బాయమ్మ. వియ్యపురాలి ఫోనంటే ఇల్లంతా గుమిగూడి వినాల్సిందే కాబోలు, స్పీకరు పెట్టారు.

"వదినగారూ, అంటున్నానని అనుకోకండి," అని మొదలెట్టిందావిడ. అనడానికి ఏమీ మిగల్చలేదు. "పదిమంది ముత్తైదువుల్ని పిలుచుకుని ఇప్పుడే సారె విప్పానండి. పూతరేకుల డబ్బా మూత తీస్తే లోపల ఒక్క రేకు లేదు, అంతా పొడుం! చెంచాతో పంచమంటారా వీధికి? పైగా ఆ డబ్బాకి బొట్టయినా లేదు. మిగతావాటికి చక్కగా ఉంది. మా మీద ఏమన్నా మనసులో పెట్టుకున్నారా చెప్పండి!"

రాజరాజేశ్వరికి కళ్ళనీళ్ళు తిరిగాయి. "నేనే పెట్టాను వదినగారూ, నా చేత్తో…"

సుకుమార్ గోడ గడియారం వంక చూశాడు. పొద్దు వాలుతోంది. అక్కడ ఒక ముసలమ్మ బతుకు పోతోంది, ఇక్కడ బెల్లం పొడి మీద పంచాయితీ! బయటికి పోయి గట్టిగా అరవాలనిపించింది. తబిత మాత్రం ఫోన్ అందుకుంది.

"అమ్మా, నేను ఇంటికొచ్చిన చుట్టాన్ని. ఆ మూత ఇప్పుడే తీశారా? ఈ రెండు రోజుల్లో ఇంకెవరైనా తీసి చూశారేమో?"

"ఎవరు తీస్తారు తల్లీ! బుధవారం నుంచీ దేవుడి గదిలో ఉన్నాయి. తాళం నా కొంగుకే ఉంది. శుక్రవారం ముత్తైదువుల మధ్య తీయాలి గానీ ముందే ఎవరు ముడతారు?"

"ఆ పొడుం పారేయకండమ్మా," అని తబిత ఫోన్ ఇచ్చేసింది. తర్వాత సాయిప్రసన్న వైపు తిరిగింది. "ఏసమ్మని పిలుచుకురా. అందరం హాల్లో కూర్చుందాం."

*

ఏసమ్మ గుమ్మం దగ్గరే నిలబడింది. తబిత కుర్చీ లాగి, "ఇక్కడ కూర్చోండి," అంది. పనిమనిషి కుర్చీ ఎక్కడమేంటన్నట్టు వెంకటరాజు కదిలాడు. సాయిప్రసన్న ఏసమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఉదయభాస్కర్ కాఫీలు తెప్పించబోతే, "తర్వాత," అని తబిత మొదటిసారి గట్టిగా అంది.

"ఈ సెమ్మెల్ని తీసే కిటుకు ఇంట్లోవాళ్ళకే తెలుసు," అని మొదలుపెట్టింది. "తీసినవాళ్ళు వెలుగుతున్న కొవ్వొత్తిని నోటితో ఊదలేదు, చేమంతి అద్ది కొండెక్కించారు. దొంగతనానికి వచ్చి కూడా, ఆడపిల్ల తాంబూలాల దీపం ఊదకూడదని జాగ్రత్త పడ్డారు. వంటవాళ్ళకి ఆ తీరికా లేదు, ఆ పట్టింపూ లేదు. ఈ పిల్ల మేలు కోరినవాళ్ళ చెయ్యి అది."

రాజరాజేశ్వరి కూతురి వంక చూసింది.

"ఏసమ్మని పందిట్లోకి పంపి, జత తీశారు. కేకలు లేచేలోగా దాచాలి. పక్క గదిలో సారె డబ్బాలున్నాయి. ఇల్లు ఎంత వెతికినా బొట్టు పెట్టిన డబ్బా ఈ ఇంట్లో ఎవరూ ముట్టరు. లడ్డూలు, కాజాలు అంచుదాకా నింపేసి ఉన్నాయి, వాటిలో చోటు లేదు. పూతరేకుల డబ్బాలో చోటుంది. పైగా అది తేలిక, రెండు సెమ్మెలు మడిచి పెడితే మిగతావాటంత బరువు తూగుతుంది, మోసేవాడికి అనుమానం రాదు. మూత తీసేటప్పుడు బొట్టు చెదిరింది. చెదిరిన బొట్టు కంటే లేని బొట్టు నయమని తుడిచేశారు. వెండి బరువుకి పూతరేకులు నలిగి పొడైపోయాయి. రాజమండ్రి చేరేలోపు సెమ్మెలు బయటికి తీసేసి, మూత పెట్టేశారు."

"దారిలో వ్యాను ఆగింది ఒక్కచోటే," అన్నాడు వరుణ్ నెమ్మదిగా. అని, నాలిక కరుచుకున్నాడు.

"చొక్కా మార్చుకోవడానికి ఆపాను, అది తప్పా?" ఉదయభాస్కర్ నవ్వాడు. "డ్రైవింగు చేసింది నువ్వు, డబ్బాలు ఎక్కించింది నువ్వు. మూత నువ్వు తియ్యలేదని ఎవరు చెప్తారు?"

"మీరే చెప్పారు భాస్కర్ గారూ," అంది తబిత. "పొద్దున టిఫిన్ల దగ్గర మీ అక్కగారు పూతరేకులు పెట్టలేకపోతున్నామని నొచ్చుకున్నారు. పంపినవన్నీ ఎలాగూ పొడుమే అన్నారు మీరు. అప్పటికి సుబ్బాయమ్మ గారు మూతే తియ్యలేదు. సుకుమార్ గారూ, ఆ మాట ఎప్పుడన్నారో మీకు గుర్తుందా?"

"నా పళ్ళెంలో మూడో కాజా వేస్తూ అన్నారండి," అన్నాడు సుకుమార్. పెట్టిన ప్రతి స్వీటూ అతనికి ప్రాణసంకటం కాబట్టి వరసతో సహా గుర్తుంది. "వరుణ్ గారికి ఆ సంగతి మధ్యాహ్నానికి కూడా తెలీదు."

"ఇంకెవరైనా అయితే నోరు మూసుకుని ఊరుకునేవారు," అంది తబిత. "మీకు చేతకాలేదు. ఇంటికొచ్చినవాళ్ళకి ఒకటి పెట్టలేకపోయామని తెలిసేసరికి సంజాయిషీ చెప్పకుండా ఉండలేకపోయారు."

ఉదయభాస్కర్ నవ్వు ఆగిపోయింది. రాజరాజేశ్వరి లేచి తమ్ముడి ఎదురుగా నిలబడింది. "చొక్కా మార్చుకున్నావా? ఆ సాయంత్రం వియ్యాలవారింట్లో సారె దించిన వీడియోలో, పందిట్లో వేసుకున్న చొక్కాతోనే ఉన్నావురా. నా కళ్ళలోకి చూసి చెప్పు."

ఆయన చూడలేదు. "ఆరు ఉన్నాయక్కా," అన్నాడు చివరికి. "తాంబూలాలుంటే తప్ప ఎవరూ తలెత్తి చూడరు. హైదరాబాదులో పాత వెండి కొనేవాళ్ళు ఒక్క జతకి ప్రాణం పెడుతున్నారు. ఎన్నేళ్ళుగా ఈ ఇంట్లో వచ్చినవాళ్ళందరికీ వడ్డిస్తున్నాను, నా ఇంటికి ఎవడైనా వస్తే చూపించడానికి ఏముంది? ఏసమ్మ మీదికి పోతుందనుకోలేదు. నాలుగు రోజులు వెతికి వదిలేస్తారనుకున్నాను."

"వీళ్ళ బియ్యం బోర్లించినప్పుడు మీరూ ఉన్నారు కదా మావయ్యా," అంది సాయిప్రసన్న.

వరుణ్ ఆయన్ని బండెక్కించుకుని నరసాపురం వెళ్ళి, తువ్వాలులో చుట్టిన జతతో తిరిగొచ్చాడు. రేకుల సందుల్లో ఇంకా బెల్లం పొడి ఇరుక్కుని ఉంది.

*

వెండి ఇల్లు చేరగానే వెంకటరాజు గొంతు తిరిగి పెద్దదైంది. "పోనీలెండి, గండం గడిచింది. ఇది ఇంటి సంగతి, నాలుగు గోడల మధ్య ఉండాలి. వియ్యాలవారికి తెలిస్తే తలెత్తుకోలేం. బావమరిదిని పోలీసులకి పడతామా ఏంటి? ఏసమ్మా, రేపట్నుంచి పనిలోకి వచ్చెయ్యి. మంచి చీర పెట్టిస్తాను."

సుకుమార్‌కి పొద్దుటి నుంచి పేరుకున్న విసుగంతా గొంతులోకి వచ్చింది. ఇదే మనిషి మధ్యాహ్నం దాకా పోలీసులు తప్ప వేరే మాట ఎత్తలేదు. అతను నోరు తెరిచేలోపే ఏసమ్మ కుర్చీలోంచి లేచింది.

"చీరొద్దండి. రేపు వస్తానో రానో కూడా ఇప్పుడు చెప్పలేను. మా ఇల్లు పట్టపగలు వెతికారండి. పిల్లలు చూశారు, పాస్టరుగారు చూశారు. నేను తియ్యలేదన్న మాట కూడా అక్కడే చెప్పండి, అయ్యగారూ."

"చెప్పిస్తాలే. రేపెవరినైనా పంపి…"

"కంప్లైంటు మీరే స్వయంగా ఇస్తానన్నారు కదండీ," అంది తబిత. "ఈ మాటా మీరే చెప్పండి. లేదంటే ఆ కంప్లైంటు నేనిస్తాను. రాసే పేరు మారుతుంది, అంతే."

వెంకటరాజు భార్య వంక చూశాడు. ఆవిడ మొహం తిప్పుకుంది. కూతురి వంక చూశాడు. సాయిప్రసన్న అప్పటికే చెప్పులు వేసుకుని గుమ్మం దిగింది. ఆయన కండువా భుజాన వేసుకుని, ఇంకేం చెయ్యాలో తోచక ఆ పిల్ల వెనకే నడిచాడు.

దివాణం మనిషి నడిచి పేటలోకి రావడం చూసి వీధిలో మాటలు ఆగిపోయాయి. పంపు దగ్గర బిందెలు దించారు. చర్చి అరుగు మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. వెంకటరాజు ఏసమ్మ వాకిట్లో, చెదిరిన బియ్యం గింజల మధ్య ఆగి, నేల వంక చూస్తూ గొణిగాడు. "ఏసమ్మ తియ్యలేదు. మావాళ్ళే తీశారు. తప్పు మాది."

చేతులు జోడించి, ఇంక వెళ్దామని వెనక్కి తిరిగాడు.

"అయ్యగారూ," అంది ఏసమ్మ, గుమ్మంలో నిలబడి. "గట్టిగా చెప్పండి. వీధి చివరి వాళ్ళకి వినపడలేదు."

ఆయన ఆగాడు. వీధి చివరిదాకా ఉన్న మొహాలన్నిటినీ చూశాడు. గొంతు సవరించుకుని మళ్ళీ మొదటి నుంచీ చెప్పాడు.